గౌరునాయుడి విశ్రాంతి నమూనా

1979 శీతాకాలంలో నన్ను జంషెడ్‌పూర్‌లోని ఒక కర్మాగారపు ఆసుపత్రిలో పాథాలజీ విభాగం నుంచి బయోకెమిస్ట్రీ విభాగానికి మార్చారు. హోదా మారలేదు. అంతకుముందూ లేబొరేటరీ టెక్నీషియన్‌నే, ఆ తర్వాతా టెక్నీషియన్‌నే. మారింది కిటికీ ఒక్కటే. పాథాలజీ కిటికీలోంచి సైకిల్ స్టాండు కనిపించేది, బయోకెమిస్ట్రీ కిటికీలోంచి లైబ్రరీ కనిపించేది. నా మట్టుకు నాకు అది ప్రమోషనే.

నా చదువు ఇంటర్మీడియట్‌తో ఆగిపోయింది. తక్కినదంతా ఆ లైబ్రరీలో కూర్చుని చదువుకున్నదే. డ్యూటీ దిగాక వైద్య పత్రికలు ముందేసుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని, అర్థమయ్యేవరకు చదివేవాణ్ణి. చదివింది లోపల దాచుకునే అలవాటు నాకు లేదు. మేముండే బిర్సానగర్ వీధిలో అందరూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లే. నన్ను 'రగతం బాబు' అని పిలిచేవారు. కుళాయి దగ్గర నేను నోరు విప్పితే కొందరికి బిందె నిండకముందే ఇంట్లో పని గుర్తుకొచ్చేది.

మా విభాగాధిపతి డాక్టర్ బిశ్వాస్. ఆయన అప్పుడొక పరిశోధన తలపెట్టారు. అమైనో ఆమ్లాలంటే మనం తినే మాంసకృత్తులు అరిగాక మిగిలే చిన్న ముక్కలు. అవి ఎప్పుడూ రక్తంలో కొంత తిరుగుతూనే ఉంటాయి. నెమ్మదిగా దూరం పరుగెత్తినప్పుడు వాటిలో ఏది పెరుగుతుంది, ఏది తరుగుతుంది? ఒళ్లు దాచుకోకుండా వేగంగా పరుగెత్తితే ఏమవుతుంది? ఏళ్ల తరబడి సాధన చేసిన మనిషికీ చెయ్యని మనిషికీ తేడా ఏమిటి? ఆయన తేల్చదలుచుకున్నది ఇదీ.

ఈ సంగతి వినగానే నేను ఆగలేకపోయాను. అలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని గురించి నేనప్పటికే ఒక వ్యాసం చదివి ఉన్నాను. కండరం గట్టిగా పనిచేసేటప్పుడు చక్కెరను మండిస్తుంది. అలా సగం మండిన చక్కెర, ఇతర అమైనో ఆమ్లాల నుంచి విడిపోయిన నత్రజనిని ఎత్తుకుని అలనిన్‌గా మారి రక్తంలోకి వస్తుంది. కాలేయం దాన్ని పట్టుకుని మళ్లీ చక్కెర చేసి పంపుతుంది. పని ఎంత తీవ్రమైతే రక్తంలో అలనిన్ అంత ఎక్కువ. సాధన ఉన్నవాడికి అదే వేగం తేలిక కాబట్టి తక్కువగా పెరుగుతుంది. ఇదంతా నేను డాక్టరు గారికి ఆయన టీ చల్లారేదాకా వివరించాను. ఆయన ఓపికగా విన్నారు. తర్వాత కళ్లజోడు పైనుంచి నా పొట్టవైపు చూసి, సాధన లేని మనిషి కోసం వారం రోజులుగా వెతుకుతున్నానని, ఇక వెతకనక్కర లేదని హిందీలో అన్నారు. ఆ విధంగా నేను శాస్త్రానికి ఉపయోగపడ్డాను.

సాధన ఉన్న మనిషిగా వచ్చినవాడు గౌరునాయుడు. మా వీధివాడే. కర్మాగారంలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర కాంట్రాక్టు కూలీగా పనిచేసేవాడు. పిన్ని సూరమ్మ దగ్గర ఉండేవాడు. సూరమ్మ నన్ను తమ్ముడూ అనేది కాబట్టి వాడికి నేను మావయ్యనయ్యాను. దూరపు పరుగులో వాడిని మించినవాడు మా వైపు లేడు. ఆ ఏడు క్రీడా విభాగం ఒక దూరపు పరుగు ఆటగాడిని పర్మనెంటు ఉద్యోగంలోకి తీసుకోవాలనుకుంది. నాయుడు మొదటివాడిగా ఎంపికయ్యాడు. ఇంకొకతన్ని రెండోవాడిగా ఉంచారు. ఇక మిగిలింది మెడికల్ బోర్డు వారి ఫిట్‌నెస్ సర్టిఫికెట్. ఆ బోర్డులో డాక్టర్ బిశ్వాస్ కూడా సభ్యులే. అది వస్తే కాంట్రాక్టరు ఎప్పుడు వద్దంటాడో తెలియని కూలి పోయి, క్వార్టరూ వైద్యమూ ఉన్న ఉద్యోగం వస్తుంది. రాకపోతే అది రెండోవాడిది.

మా ఇద్దరి దగ్గరా మూడేసి నమూనాలు తీశాం. ఒకటి పరగడుపున, విశ్రాంతిగా ఉన్నప్పుడు. రెండోది నది ఒడ్డున రోడ్డు మీద నెమ్మదిగా సాగిన దూరపు పరుగు తర్వాత. మూడోది మైదానంలో ఉన్న బలమంతా పెట్టి పరుగెత్తాక. మూడో నమూనా రోజున నేను ఒక చుట్టు పూర్తిచేసి గడ్డి మీద వెల్లకిలా పడ్డాను. నాయుడు నా మీదకు వంగి చూశాడు.

"మావయ్యా, పరుగు అయిపోనాదా, ఇంకా మొదలెట్టనేదా?"

డాక్టరు గారు మాత్రం, ఇంత మంచి నమూనా దొరకడం కష్టమంటూ నా చెయ్యి పట్టుకుని సూది గుచ్చారు.

ఆ రోజుల్లో అమైనో ఆమ్లాలను చూడటానికి మా దగ్గర యంత్రమేమీ లేదు. కాగితం మీదే చూసేవాళ్లం. రక్తంలోని పసుపుపచ్చ ద్రవంలో ఆల్కహాలు కలిపి, పాలు విరిగినట్టు మాంసకృత్తులను విరగ్గొట్టి తీసేస్తాం. మిగిలిన తేట నీటిని సన్నని గాజు గొట్టంతో ప్రత్యేకమైన వడపోత కాగితం మీద పక్కపక్కనే చుక్కలుగా పెడతాం. బ్యుటనాలు, ఎసెటిక్ ఆమ్లం, నీళ్లు కలిపిన ద్రవం ఉన్న గాజు తొట్టిలో ఆ కాగితాన్ని వేలాడదీస్తే, ద్రవం కాగితంలో పాకుతూ ఒక్కొక్క అమైనో ఆమ్లాన్ని ఒక్కొక్క దూరం మోసుకుపోతుంది. మర్నాడు ఆరబెట్టి, నిన్‌హైడ్రిన్ అనే రసాయనం చల్లి, ఓవెన్‌లో వేడిచేస్తే అవి దిగిన చోటల్లా ఊదారంగు మచ్చలు తేలతాయి. మచ్చ ఎంత పెద్దదైతే, ఎంత చిక్కనైతే ఆ ఆమ్లం అంత ఎక్కువన్న మాట. కాగితాన్ని వట్టి చేత్తో ముట్టుకోకూడదు. చెమటలోనూ అమైనో ఆమ్లాలుంటాయి కనుక ముట్టుకున్నవాడి వేలిముద్రలు కూడా ఊదారంగులో బయటపడతాయి. మా విభాగంలో దొంగతనంగా ఏ పనీ చెయ్యలేమని మేం నవ్వుకునేవాళ్లం.

మా ఆరు నమూనాల కాగితం ఓవెన్ నుంచి బయటికి తీశాక నేను ముందు నా మచ్చలు చూసుకున్నాను. విశ్రాంతిలో అలనిన్ మచ్చ పలచగా ఉంది. నది ఒడ్డున నడకా పరుగూ కలిపి లాగించిన రోజున కాస్త ముదిరింది. మైదానంలో పడిపోయిన రోజున చిక్కగా, గుండ్రంగా, నేరేడు పండులా తేలింది. పుస్తకంలో చెప్పినట్టే వచ్చిందని మురిసిపోయాను. తర్వాత నాయుడివి చూశాను. నెమ్మది పరుగు తర్వాత మచ్చ చిన్నది. వేగపు పరుగు తర్వాత పెద్దది. అంతవరకు సరే. కాని విశ్రాంతి నమూనాలో మచ్చ కూడా పెద్దదే. ఏ పనీ చెయ్యకుండా ఉన్నప్పుడు ఆ మనిషి రక్తంలో ఉండకూడనంత అలనిన్ ఉంది.

డాక్టరు గారి ముఖం మారింది. పరిశోధన వేరు, ఫిట్‌నెస్ వేరు. నిజానికి ఈ కాగితానికీ సర్టిఫికెట్‌కూ సంబంధం లేదు. కాని ఆయన జాగ్రత్త మనిషి. చూసినదాన్ని చూడలేదనుకోవడం ఆయనకు రాదు. విశ్రాంతిలో ఇంత అలనిన్ ఉంటే కండరంలోనో కాలేయంలోనో ఏదో లోపం ఉండవచ్చు, అలాంటివాణ్ణి దూరపు పరుగులకు పంపడం ప్రమాదమన్నారు. పెద్ద ఊరి ఆసుపత్రికి పంపి పరీక్షలు చేయించేవరకు సర్టిఫికెట్ నిలిపి ఉంచుతానన్నారు. బోర్డు కూర్చునేది వచ్చే వారమే. పెద్ద ఊళ్లో పరీక్షలయ్యేసరికి నెలలు పడుతుంది. రెండోవాడు అప్పటికే ఫిట్.

ఆ సాయంత్రం సూరమ్మ మా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది.

"ఏటి తమ్ముడూ, ఊరు ఊరంతా కలిసి మా గుంటణ్ణి పట్టుకోనేకపోతంటే, ఆడికి రోగమంటారేటి? నీ సదువుకి కళ్లు కనపడవేటి?"

నా చదువును అనేసరికి నాకు పౌరుషం వచ్చింది. నాయుడిని పిలిచి నిలదీశాను. పరగడుపునే వచ్చావా అంటే వచ్చానన్నాడు. ఆ రోజు పొద్దున్న కసరత్తు చేశావా అని అడిగాను.

"నేదు మావయ్యా, ఒట్టు. మీరు సెయ్యొద్దన్నారు గదా. లేసినాను, తిన్నగా ఆస్పత్రికే వచ్చినాను."

వాడు అబద్ధమాడేవాడు కాడు. ఆ రోజు లేబొరేటరీకి వచ్చినప్పుడు వాడు ఎలా ఉన్నాడో నాకు బాగా గుర్తుంది. ఉతికిన చొక్కా, కాళ్లకు బూట్లు, దువ్విన తల. నాడి చూస్తే మా అందరికంటే నెమ్మదిగా కొట్టుకుంటోంది. అంచేత లోపం ఒంట్లోనే ఉండాలి. రెండు రోజులు లైబ్రరీలో వెతికి కండరాలకు వచ్చే ఒక అరుదైన వ్యాధి పేరు పట్టుకున్నాను. అలాంటి వ్యాధి ఉన్నవాడు నాలుగు మెట్లెక్కితేనే ఆయాసపడతాడని అందులో రాసి ఉంది. ఆ ఒక్క వాక్యాన్నీ పక్కనపెడితే తక్కినదంతా నాయుడికి చక్కగా సరిపోయింది. ఆ పేరు డాక్టరు గారికి కూడా చెప్పాను.

మామూలుగా నేను తెల్లవారకముందే సైకిల్ మీద డ్యూటీకి వెళ్లిపోయేవాణ్ణి. ఆ వారం నా సెలవు రోజున, అరువు తెచ్చిన పుస్తకాలు ఇచ్చేసి కొత్తవి తెచ్చుకుందామని జనరల్ షిఫ్టు బస్సెక్కాను. అది పర్మనెంటు ఉద్యోగులకు కంపెనీ నడిపే బస్సు. పాసు లేని కాంట్రాక్టు కూలీలను ఎక్కనివ్వరు. దిగేలోపు చదివేద్దామని ఆ అరుదైన వ్యాధి అధ్యాయం తెరిచాను. బస్సంతా ఒకటే గోల. కిటికీల్లోంచి సగం మంది బయటికి వేలాడుతున్నారు. ఎవరో "భాగ్, భాగ్!" అంటున్నారు. ఇంకెవరో టీ పందెం కాస్తున్నారు. చదువుకునేవాడికి ప్రశాంతత ఉండని దేశమిది అనుకుంటూ నేను పేజీ తిప్పాను. పక్క సీటులో ఉన్న ఫిట్టర్ అప్పలసామి నా మోచెయ్యి పట్టి కుదిపాడు.

"రగతం బాబూ, ఆ బుక్కు ఎక్కడికీ పారిపోదు. పారిపోతన్నోడు బయటున్నాడు, సూడండి."

చూశాను. బస్సు పక్కన, బూట్లు తాడుతో మెడకు కట్టుకుని, సంచీ వీపుకు కట్టుకుని, వట్టి కాళ్లతో గౌరునాయుడు పరుగెడుతున్నాడు. బస్సు ప్రతి స్టాపులో ఆగుతోంది, వాడు దాటిపోతున్నాడు. బస్సు కదిలి వాడిని అందుకుంటోంది, వాడు నవ్వుతూ వేగం పెంచుతున్నాడు. ఆఖరి మలుపు దగ్గర డ్రైవరు హారన్ కొట్టి పూర్తిగా తొక్కేశాడు. నాయుడూ అంతే. ఆసుపత్రి పక్కనే ఉన్న కర్మాగారం గేటుకు వాడే ముందు చేరాడు. అప్పలసామికి ఎవరో టీ బాకీ పడ్డారు. ఇది ప్రతి ఉదయమూ జరిగే పందెమని, ఏడాదిగా నాకు తప్ప వీధి మొత్తానికీ తెలుసని అప్పుడు తెలిసింది.

నేను బస్సు దిగేసరికి వాడు గేటు పక్క కుళాయి కింద తలా కాళ్లూ కడుక్కుంటున్నాడు. సంచీలోంచి ఉతికిన చొక్కా తీసి తొడుక్కుని, బూట్లు వేసుకుని, దువ్వెన తీశాడు. నేను ఎదురుగా నిలబడ్డాను.

"ఇదేటిరా?"

"డూటీకి రావడం, మావయ్యా."

"ఆస్పత్రికి రక్తం ఇవ్వడానికి వచ్చిన రోజున కూడా ఇలాగే వచ్చావా?"

"మరెలగొత్తాను? ఆ రోజు లేటైపోతాదేమోనని ఇంకా బేగి వచ్చినాను."

"మరి కసరత్తు చెయ్యలేదని ఒట్టేశావు!"

వాడు నా తెలివితక్కువతనానికి జాలిపడ్డాడు. "కసరత్తంటే గ్రౌండులోది గదా మావయ్యా. బూట్లేసుకుని, సీటీ ఊదితే పరిగెట్టేది. ఇది దారి."

బస్సును ఎలా ఓడిస్తావని కూడా అడిగాను. "ఏటుంది? బస్సు ఆగుతాది, నాను ఆగను" అన్నాడు.

అప్పుడు ఆ మచ్చ నాకు అర్థమైంది. ఆఖరి మలుపు నుంచి గేటుదాకా పెట్టే పరుగు, మైదానంలో పెట్టే పరుగంత తీవ్రమైనది. సాధన వల్ల వాడి గుండె కుళాయి దగ్గర మొహం కడుక్కునేలోపే నెమ్మదిస్తుంది. రక్తంలోకి వచ్చిన అలనిన్ అంత త్వరగా సర్దుకోదు. దానికి తోడు మేం వాడికి మర్యాద చేశాం. పరిశోధనకు వచ్చినవాడని క్యూలో నిలబెట్టకుండా నేరుగా కుర్చీలో కూర్చోబెట్టి సూది గుచ్చాం. మామూలు రోగులు బల్ల మీద కూర్చుని తమ వంతు కోసం విసుక్కుంటారు కదా, ఆ విసుగులోనే వాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది. నాయుడికి అదీ దొరకలేదు.

సెలవైనా డాక్టరు గారి దగ్గరికి వెళ్లి ఇదంతా చెప్పాను. మొన్న నేను చెప్పిన అరుదైన వ్యాధి సంగతేమైందని ఆయన అడిగారు. దాన్ని ఉపసంహరించుకుంటున్నానన్నాను. ఆయన కాసేపు బల్ల మీద వేళ్లతో తాళం వేసి, బోర్డుకు ముందు రోజున ఇంకొక్క విశ్రాంతి నమూనా తీయడానికి ఒప్పుకున్నారు. షరతు ఒక్కటే. ఇల్లు కదిలినప్పటి నుంచి సూది గుచ్చేవరకు ఆ మనిషి పరుగెత్తలేదని నేను సంతకం పెట్టాలి.

బస్సెక్కడానికి వాడికి పాసు లేదు. రిక్షాలో తీసుకువస్తానంటే సూరమ్మ నవ్వింది. "ఎత్తు వచ్చిందంటే ఆడు దిగి రిక్షా తోసెత్తాడు, తమ్ముడూ. ఆడి కాళ్లు ఆడి మాట ఇనవు." అంచేత నా సైకిల్ వెనక క్యారియర్ మీద వాణ్ణి కూర్చోబెట్టి నేనే తొక్కాలని తేలింది.

ఆ ఉదయం వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చింది. సూరమ్మ హారతి ఒక్కటే ఇవ్వలేదు. నాయుడు క్యారియర్ మీద కాళ్లు వేలాడేసుకుని సర్కారు దొరలా కూర్చున్నాడు. నేను పెడల్ మీద నిలబడి తొక్కాను. మొదటి మైలు వరకు వాడికి అలనిన్ గురించి చెబుతూ వెళ్లాను. ఎత్తు మొదలయ్యాక మాట ఆగిపోయింది.

"మావయ్యా, దిగి తోసెత్తాను."

"దిగావంటే చంపుతాను."

"పోనీ, మీరు ఎనక కూకోండి. నాను తొక్కుతాను."

"నోర్మూసుకుని విశ్రాంతి తీసుకోరా!"

సరిగ్గా అప్పుడే వెనక నుంచి జనరల్ షిఫ్టు బస్సు వచ్చింది. కిటికీల నిండా తలకాయలే. డ్రైవరు వేగం తగ్గించి మా పక్కనే నడుపుతూ తల బయట పెట్టాడు. "క్యా నాయుడూ, ఆజ్ ఇంజన్ బదల్ దియా?" కొత్త ఇంజను మరీ పొగ వదులుతోందని అప్పలసామి అందుకున్నాడు. ఇవాళ బస్సు మీద పందెం కాసినవాడికి రెండు టీలని ఎవరో అరిచారు. క్యారియర్ మీద బరువు కదలడం నాకు తెలిసింది. వెనక్కి తిరిగి చూస్తే వాడి ఒక కాలు నేలకు ఆనబోతోంది.

"ఆ కాలు నేలకు తగిలిందో, నీ ఉద్యోగం రెండోవాడిది" అన్నాను. అంత చిన్న వాక్యం చెప్పడానికి రెండుసార్లు ఊపిరి పీల్చుకోవలసి వచ్చింది. వాడు కాలు పైకి తీసుకుని, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. బస్సు మమ్మల్ని దాటి వెళ్లిపోయింది. వాడు ఓడిపోవడం అదే మొదటిసారని తర్వాత చెప్పారు.

ఆసుపత్రిలో వాణ్ణి అందరితో పాటు బల్ల మీద కూర్చోబెట్టాను. కూర్చున్నాడే గాని మోకాళ్లు ఆడుతూనే ఉన్నాయి. వాటి మీద నా లైబ్రరీ పుస్తకం పెట్టి, బొమ్మలు చూస్తూ ఉండమన్నాను. రెండో పేజీ తిప్పకముందే గోడకు తల ఆన్చి నిద్రపోయాడు. ఆ పుస్తకం అంతకంటే మేలు ఎవరికీ చేసి ఉండదు.

వాణ్ణి లేపి నమూనా తీసేముందే డాక్టరు గారు నావైపు తిరిగారు. నేనింకా గోడ పట్టుకునే నిలబడి ఉన్నాను. చొక్కా చేతులు మడవమన్నారు. ఇంత మంచి అవకాశాన్ని వదులుకోవడం శాస్త్రానికి ద్రోహమన్నారు.

మర్నాడు బోర్డు కూర్చోకముందే కాగితం ఓవెన్ నుంచి తీశాం. నాయుడి అలనిన్ మచ్చ ఉందా లేదా అన్నట్టు పలచగా తేలింది. పక్కనే నాది. మైదానంలో పడిపోయిన రోజుకంటే చిక్కగా, దాదాపు నల్లగా ఉంది. డాక్టరు గారు రెండింటినీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, వీరిద్దరిలో ఎవరినైనా పెద్ద ఊరి ఆసుపత్రికి పంపవలసి ఉంటే అది ఎవరనుకుంటున్నారని నన్ను అడిగారు. నేను లైబ్రరీవైపు చూశాను. ఆయన కిందికి దిగి వెళ్లి ఫిట్ అని సంతకం పెట్టారు.

గౌరునాయుడు పర్మనెంటు అయ్యాడు. బస్సు పాసు కూడా వచ్చింది. మొదటి రోజు అందరూ పట్టుబట్టి వాణ్ణి కిటికీ పక్క సీటులో కూర్చోబెట్టారు. రెండో స్టాపులో బస్సు ఆగగానే, ఇలగైతే ఎప్పటికెల్తాం అని దిగిపోయాడట. గేటు దగ్గర వాళ్లకోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడట.

డాక్టరు గారి పరిశోధనలో నాయుడి మొదటి విశ్రాంతి నమూనాను కొట్టివెయ్యలేదు. దాన్ని తీవ్ర వ్యాయామం వరుసలోకి మార్చారు. నా సైకిల్ నమూనా కూడా దాని పక్కనే చేరింది. లేబొరేటరీలో పద్ధతి కూడా ఆ నెల నుంచే మారింది. ఎంత పెద్దవాడైనా, ఎవరి సిఫారసుతో వచ్చినా, ముందు అరగంట బల్ల మీద కూర్చోవాలి. కూర్చునేముందు మేం ఒక ప్రశ్న అడగాలి. కసరత్తు చేశారా అని కాదు. ఆ ప్రశ్నకు మనుషులు తమ లెక్క ప్రకారం నిజమే చెబుతారు, ఆ నిజం మనకు పనికిరాదు. ఇంటి నుంచి ఇక్కడికి ఎలా వచ్చారని అడగాలి. నేను రిటైరయ్యేవరకు ప్రతి సీసా చీటీ మీద పేరు కింద ఆ జవాబు రాయించాను.